అప్పు లెక్క లేని అమెరికా కథ

ఇంజనీరింగు పూర్తిచేసి, పై చదువుకు అమెరికా వెళ్లిన కొడుకు గురించి తెలుగులో చాలా కథలు వచ్చాయి. వాటిలో విమానాశ్రయం దగ్గర తల్లి కన్నీళ్లున్నాయి, పెట్టెలో ఆవకాయ ఉన్నది, మంచు కురిసే రాత్రి ఊరి జ్ఞాపకాలున్నాయి, చివరికి ముసలి తల్లిదండ్రుల ఒంటరితనం ఉన్నది. ఇన్ని ఉన్న కథల్లో తరచుగా లేనిది ఒక్కటే. ఆ కుర్రవాడు ఎంత అప్పు మీద వెళ్లాడు? దానికి హామీ ఎవరు, తాకట్టు పడినదేమిటి?

ఇది చిన్న వివరం కాదు. అప్పు పాత్రల బతుకును ఎలా శాసిస్తుందో చూపడం తెలుగు కథకు చేతకాని పనీ కాదు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో కథంతా ఒక అప్పు చుట్టూ తిరుగుతుంది. అప్పల్రాముడి బాకీ తీర్పు ఊరి పెద్దల ముందు నడుస్తుండగా, ఆ బాకీ వెనుక మారిపోయిన పల్లె ఆర్థిక చరిత్ర మొత్తం మన కళ్ల ముందుకొస్తుంది. అంతకు చాలా ముందే గురజాడ 'కన్యాశుల్కం'లో పెళ్లి బేరాన్ని రూపాయల్లో మాట్లాడించాడు. డబ్బు లెక్క చెబితే రసం చెడుతుందని వాళ్లు అనుకోలేదు. ఆ వారసత్వం ఉన్న మనం అమెరికా చదువు దగ్గరికి వచ్చేసరికి లెక్క మానేసి కన్నీళ్లతో సరిపెడుతున్నాం.

దీనికి చారిత్రక కారణం ఉన్నది. అమెరికా 1965లో వలస చట్టాన్ని సవరించి, ఆసియా దేశాల మీద ఉన్న జాతివారీ ఆంక్షలను ఎత్తివేసింది. తర్వాత వెళ్లిన తొలి తరంలో డాక్టర్లు, ఇంజనీర్లు, పరిశోధక విద్యార్థులు ఎక్కువ. వాళ్లలో అనేకులకు విశ్వవిద్యాలయమే భృతి ఇచ్చి చదివించింది. వంగూరి చిట్టెన్ రాజు 'అమెరికామెడీ కథలు', సత్యం మందపాటి 'అమెరికా బేతాళుడి కథలు' వంటివి అక్కడ స్థిరపడిన మధ్యతరగతి వింత బతుకును హాస్యంగా, వ్యంగ్యంగా చూపాయి. ఆ వస్తువుకు ఆ రూపం సరిపోయింది. వస్తువు మారిన తర్వాత కూడా తర్వాతి కథకులు ఆ రూపాన్నే పట్టుకుని వేలాడటం దగ్గరే చిక్కు వచ్చింది.

ఇప్పుడు వెళ్తున్నది ఎవరు? అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 2023-24లో 3,31,602. తర్వాతి ఏడు అది 3,63,019కి పెరిగింది. వీరిలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. ఎక్కువమంది తమ ఖర్చుతో తామే ఎం.ఎస్. చదువుతున్నవాళ్లు. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల రైతుల, చేతివృత్తులవాళ్ల, దళితుల పిల్లలు కూడా ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కగలిగారు. పట్టా చేతికొచ్చింది గాని దానికి తగిన ఉద్యోగం రాలేదు. ఆ ఖాళీలోంచే అమెరికా దారి పడింది.

ఆ దారి ఖరీదు చూద్దాం. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతుంది. అంటే ఇల్లో పొలమో తాకట్టు పడుతుంది. నలభై లక్షలు పదకొండు శాతానికి తీసుకున్నారనుకుందాం. వడ్డీయే నెలకు 36 వేలు దాటుతుంది. బ్యాంకు చాలనిచోట రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో తెస్తారు. అదీ చాలనిచోట 'అమెరికా సంబంధం' పేరుతో వచ్చే కట్నం మీద కన్నుపడుతుంది. కాబట్టి ఈ కథలో పెళ్లి వేరే ఘట్టం కాదు, అప్పు ఖాతాలో ఒక పద్దు.

అక్కడికి చేరాక చట్టం ఏం చెబుతుంది? చదువు సాగుతున్నప్పుడు వారానికి ఇరవై గంటలు, అదీ విశ్వవిద్యాలయం ఆవరణలోనే పని చేయాలి. ప్రత్యేక అనుమతి లేకుండా బయట పని వీసా నిబంధనలకు విరుద్ధం. ఆవరణలో అందరికీ పని దొరకదు, వడ్డీ మాత్రం ఆగదు. కుర్రవాడు పెట్రోలు బంకులోనో హోటలు వంటగదిలోనో చేరతాడు. పని చట్టవిరుద్ధం గనుక యజమాని తక్కువ కూలి ఇచ్చినా అతను నోరెత్తలేడు. చాలాసార్లు ఆ యజమాని మనవాడే, మన భాషవాడే. సొంత గడ్డ మీద ప్రేమను చెప్పే కథల్లో ఈ వైరుధ్యం ఎక్కడ?

చదువయ్యాక పన్నెండు నెలలు, సాంకేతిక విద్యార్థులకు మరో ఇరవై నాలుగు నెలలు తాత్కాలికంగా పని చేయనిస్తారు. పైన చెప్పిన 3,31,602 మందిలో 97 వేలకు పైగా ఈ అనుమతి మీద ఉన్నవాళ్లే. లెక్కల్లో విద్యార్థులు, బతుకులో శ్రామికులు. ఆ తర్వాత హెచ్-1బి లాటరీ. కంపెనీలకు ఏడాదికిచ్చేవి 65 వేలు, అమెరికాలో పై పట్టా పొందినవారికి మరో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధించారు. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం పదకొండు, వచ్చాక నూటెనిమిది ప్రదక్షిణలు చేసేవాళ్లను చూసి నవ్వే కథలున్నాయి. బతుకునే లాటరీ చేసిన వ్యవస్థను వదిలేసి, మొక్కుకున్నవాడిని చూసి నవ్వడం ఏ రకం హేతువాదం?

రెండు ఘటనలు గుర్తుచేయాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగింది. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు జాడ తెలిపే పట్టీలు బిగించారు. 2019 జనవరిలో మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం గుట్టు బయటపడింది. పాఠాలు లేని, అధ్యాపకులు లేని ఆ సంస్థను నడిపింది అమెరికా ప్రభుత్వ గూఢచారులే. నూట ఇరవై తొమ్మిది మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వాళ్లలో తెలుసుండి చేరినవాళ్లున్నారు, మోసపోయినవాళ్లూ ఉన్నారు. ఈ రెండు రకాలకూ మధ్యనున్న గీత ఎంత సన్ననిదో, అప్పు ఆ గీతను ఎలా చెరుపుతుందో చూపించడం పత్రికా వార్తకు సాధ్యం కాదు. అది కథ పని.

ఇక ఆత్మవిమర్శ. అభ్యుదయ శిబిరంలో ఉన్న మనం ఈ వస్తువును ఎలా చూశాం? 'డాలర్ల మోజు', 'మేధో వలస' అని రెండు ముద్రలు తయారుచేసుకుని, కనబడిన ప్రతి పాత్ర మీదా కొట్టాం. మన కథల్లో అమెరికా వెళ్లేవాడు స్వార్థపరుడు, ఊళ్లో ఉండిపోయినవాడు ఆదర్శవాది. గల్ఫ్ వెళ్లిన కూలీని మాత్రం బాధితుడిగా గుర్తించాం. పాస్‌పోర్టు చేతిలో లేక గల్ఫ్‌లో చిక్కినవాడికీ, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదలాల్సిన హెచ్-1బి ఇంజనీరుకూ తేడా ఎంతో ఉన్నది, కాదనను. ఒకడికి ఏసీ గది ఉన్నది, మరొకడికి ఎర్రటి ఎండ. అయినా ఇద్దరి శ్రమనూ అప్పుతో, అనుమతి కాగితంతో కట్టిపడేసే పద్ధతిలో పోలిక ఉన్నది. ఆ పోలికనూ ఆ తేడానూ ఒకేసారి పట్టుకోగలిగితేనే అది వర్గదృష్టి. మోజు అని తిట్టడం నీతిబోధ మాత్రమే. నీతిబోధ దోషాన్ని వ్యక్తి మీదికి నెట్టి వ్యవస్థను వదిలేస్తుంది.

కొత్తగా రాయబోయేవారికి నా మనవి ఒక్కటే. ఆవకాయను కథలోంచి తీసేయమని అనను, ఆ బెంగ నిజమైనదే. కాని ఆ సీసా పక్కన బ్యాంకు కాగితం కూడా పెట్టండి. హామీ సంతకం పెట్టిన తండ్రి చేయి ఎలా ఉన్నదో రాయండి. అక్క పెళ్లికి అనుకున్న ఎకరం తమ్ముడి ఫీజుకు పోతే, ఆ అక్క ఏమనుకున్నదో రాయండి. ఎందుకంటే ఆమె ఇంతవరకు మన అమెరికా కథలో నోరు విప్పలేదు. ఆమె మాట్లాడిననాడు ఆ కథ అమెరికా కథగా మిగలదు, మన ఊరి కథ అవుతుంది.