స్విఫ్టు వచనము: ప్రయోజనమునుబట్టి శైలి

శైలి రచయిత వ్యక్తిత్వమే యను వాదమును, ఫ్రెంచి పండితుడు బుఫాను 1753లో అకాడమీ యెదుట చేసిన ప్రసంగము నాధారముగ జూపి సమర్థించుట విమర్శకులకు పరిపాటి. ఆంగ్లవచనకర్తయగు జోనథన్ స్విఫ్టు (1667-1745) రచనల నెదుట నుంచుకొన్నచో ఈ వాదము నిలుచునా యని మా సందేహము.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున సంఘటనను వక్తృవాచ్యముల యౌచిత్యము నియమించుననియు, కావ్యభేదముకూడ దానిని శాసించుననియు నిరూపించెను. వక్త కవియే కావచ్చును, కవినిబద్ధుడైన పాత్రయు కావచ్చును. ఈ విభాగము స్విఫ్టు విషయమున మిక్కిలి ఉపకరించును.

1722లో ఐర్లండునకు రాగి అర్ధపెన్నీలు ముద్రించు హక్కు విలియం వుడ్డునకు లభించెను. దానిని ప్రతిఘటించుచు 1724లో స్విఫ్టు డబ్లిను గుడ్డల వర్తకుని వేషమున లేఖలు ప్రకటించెను. మొదటిది దుకాణదారులకు, వృత్తిపనివారికి, రైతులకు, సామాన్యజనమునకు ఉద్దిష్టము. ఏటికి 16,000 పౌనుల రాబడిగల భూస్వామి తన అర్ధసంవత్సరపు శిస్తును ఈ నాణెములలో తెప్పించుకొనవలెనన్న 250 గుఱ్ఱములు కావలెనని అందు లెక్క. రాగి బరువునుబట్టి చూడగా లెక్క సరిగనే యున్నది. కాని ఆ నాణెమును పుచ్చుకొనుమని చట్టము ఎవరిని నిర్బంధింపలేదు. ఆ సంగతి వర్తకుడే అదే లేఖలో చెప్పును. అనగా గుఱ్ఱములబారు ఊహామాత్రము. అయినను సంతలో నిలిచి వినువానికి చట్టమునకంటె గుఱ్ఱములు ముందు కనబడును. అదే వర్తకుడు మూడవ లేఖలో ప్రభువులను, కులీనులను సంబోధించునపుడు ప్రీవీ కౌన్సిలు సంఘపు నివేదికను న్యాయవాదివలె పరీక్షించును. వక్త మారలేదు, వాచ్యము మారలేదు, శ్రోత మారెను. ఆనందవర్ధనుడు చెప్పిన ఆ మూడింటిలో శ్రోత పేరు లేదు. 1725లో ఆ హక్కు రద్దయ్యెను.

1729 నాటి ‘సవినయ ప్రతిపాదన’లో వక్త వేఱు, లెక్కలు నేర్చిన ప్రజాహితైషి. ఐర్లండు జనసంఖ్య 15 లక్షలు. సంతానయోగ్యులగు దంపతులు 2 లక్షలు. బిడ్డలను పోషింపగలవారు 30 వేలు. గర్భస్రావములకు, శిశుమరణములకు 50 వేలు తీసివేయగా బీదల బిడ్డలు ఏటికి 1,20,000. అందు 20 వేలమందిని పెంపకమునకు నిలిపి, తక్కిన లక్షమందిని ఏడాది ప్రాయమున ధనికుల భోజనమునకు అమ్మవలెనట! సర్ విలియం పెట్టీ ప్రభృతుల రాజకీయ గణితగ్రంథములలోని వాక్యమే ఇది. ఎచ్చటను కంఠము హెచ్చదు. తల్లులను పశువులకు వాడు మాటతో పేర్కొనుటయు లెక్కలో భాగముగనే సాగిపోవును. దీనిని వ్యంగ్యమని చెప్పి విడుచుట చాలదు. మనుష్యులను అంకెలుగ జూచు ఆ శైలియే ఇచ్చట దూష్యవస్తువు.

కవి తానే వక్తయగుచోట వ్యక్తిత్వము బయటపడును గదా యని వాదింపవచ్చును. 1710-13 నడుమ లండనునుండి ఎస్తర్ జాన్సనునకు, ఆమె సహచరికి వ్రాసిన లేఖలు చూడుడు: పసిపిల్లల ముద్దుపలుకులు, అక్షరముల తారుమారు, పేరులకు బదులు పొడి అక్షరములు. ఆ నడుమనే, 1712లో, ఆక్సుఫర్డు ప్రభువునకు సమర్పించిన భాషాసంస్కరణ ప్రతిపాదనలో పదములను కత్తిరించువారిని అతడు తీవ్రముగ ఖండించెను. రెండింటిలో ఏది స్విఫ్టు? మా దృష్టిలో రెండును. స్విఫ్టు బంధువగు డీన్ స్విఫ్టు 1768లో ఆ లేఖలలో అధికభాగమును అచ్చువేయుచు ముద్దుపలుకులను సవరించి మర్యాదగల ఆంగ్లముగ మార్చెను. ఇద్దరు స్త్రీలకొఱకు వ్రాసినదానిని లోకము చదువునపుడు శైలియు మారవలెనని అతడు తలచెను కాబోలు. ఆ భాగమునకు మూలప్రతులు నేడు లభింపవు.