గాలి గీయని గీత

1959 మోడల్ కాడిలాక్ ఫొటో ఒకసారి చూడండి. వెనక రెక్కలు అమెరికన్ కార్లలో అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ లేనంత ఎత్తు. వాటి మీద తూటాల్లా పొడుచుకొచ్చిన జంట ఎర్ర దీపాలు. ఎక్కడ చెయ్యి పెట్టినా క్రోమ్. పెళ్ళిపందిరి నడిచొస్తున్నట్టుంటుంది. ఇప్పుడు అదే ఏడాది, అదే జనరల్ మోటార్స్ స్టైలింగ్ విభాగంలో తయారై రేసు మైదానానికి వెళ్ళిన స్టింగ్‌రే రేసర్ చూడండి. మోకాలి కంటే కొంచెం ఎత్తున, బండి నడుం చుట్టూ కత్తితో కోసినట్టు ఒకే ఒక్క అంచు. ఆ అంచు పైన పళ్ళెంలా పరుచుకున్న ఒళ్ళు. కింద లోపలికి తగ్గిపోయిన పక్కలు. నాలుగు చక్రాలు ఆ పళ్ళేన్ని కిందనుంచి పొడిచినట్టు నాలుగు ఉబ్బులు. అంతే. ఇంక నగా లేదు, నట్రా లేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినవాళ్ళు మామూలుగా తేల్చే మాట: మొదటిది అలంకారం, రెండోది అవసరం. ఒకటి వేషం, ఇంకొకటి శాస్త్రం. నా పేచీ ఆ మాటతోనే. స్టింగ్‌రే కూడా అలంకారమే. నా మట్టుకు, అమెరికాలో కారు మీద చేసిన అలంకారాల్లో అంత గొప్పది మరొకటి లేదు. కానీ దాన్ని శాస్త్రం అని పొగిడితే దాని గొప్పతనం ఎక్కడుందో మనకి కనపడదు.

కొంచెం పూర్వకథ. 1957 మార్చిలో షెవ్రోలే వాళ్ళు కార్వెట్ ఎస్‌ఎస్ అనే రేసుకారుని సీబ్రింగ్ పందేనికి తీసుకెళ్ళారు. 23 లాప్‌లకే అది ఇంటిదారి పట్టింది. ఆ జూన్‌లో అమెరికన్ కార్ల కంపెనీలన్నీ కలిసి, ఇక మేం రేసుల జోలికి పోం అని తీర్మానం చేసుకున్నాయి. ఎస్‌ఎస్ కోసం పరీక్షలకి వాడిన రెండో ఛాసీ ఒకటి మూలపడి ఉంది. 1958 చివర హార్లీ ఎర్ల్ పదవీ విరమణ చేస్తే ఆయన కుర్చీలోకి బిల్ మిచెల్ వచ్చాడు. ఎర్ల్ అంటే రెక్కల యుగానికి తండ్రి. యుద్ధవిమానం తోక చూసి 1948 కాడిలాక్‌కి రెక్కలు మొలిపించింది ఆయన విభాగమే. మిచెల్ రుచి వేరు. మూలపడ్డ ఆ ఛాసీని తీసుకుని, దాని మీద తనకి నచ్చిన ఒళ్ళు కట్టించి, సొంత ఖర్చుతో రేసుల్లోకి దింపాడు. తీర్మానం ఉంది కాబట్టి బండి మీద షెవ్రోలే పేరు గానీ కార్వెట్ పేరు గానీ ఉండకూడదు. పేరు లేకపోవడం వల్ల ఆకారమే పేరు అయి కూర్చుంది. చాటలా పరుచుకుని, తోకలో విషపు ముల్లు దాచుకునే చేప పేరు దానికి సరిగ్గా అతికింది. మిచెల్‌కి సముద్రంలో చేపలవేట పిచ్చి ఉండేది లెండి.

అసలు సంగతి ఆ అంచు. అదెక్కడిది?

ఇటలీది. 1957లో మిచెల్ యూరప్ వెళ్ళి, ట్యూరిన్ ప్రదర్శనలో చూసిన బళ్ళ ఫొటోలు తెచ్చి తన డిజైనర్ల ముందు పరిచాడు. అందులో ఆయన మనసు పట్టేసినవి వేగపు రికార్డుల కోసం చేసిన చిన్న బళ్ళు. 750 సీసీ ఇంజన్ మీద పినిన్‌ఫరీనా ఒళ్ళు తొడుక్కుని మోంజా ట్రాక్ మీద గంటల తరబడి తిరిగే అబార్త్‌ల వంటివి. ఇంకొకటి 1952 నాటి ఆల్ఫా రోమియో డిస్కో వొలాంటె. పేరుకి అర్థమే ఎగిరే పళ్ళెం. మిలాన్‌లోని టూరింగ్ సంస్థ దానికి రెండు పళ్ళేలు బోర్లించి అతికించినట్టుండే ఒళ్ళు చేసింది. చక్రాలన్నీ దాదాపు లోపలే.

ఈ ఆకారాలకి ఆ బళ్ళలో ఒక కారణం ఉంది. చిన్న ఇంజన్‌తో రికార్డు కొట్టాలంటే గాలికి ఎదురయ్యే ముఖం చిన్నదై ఉండాలి. చక్రాలు గాలిని చిలకకూడదు. పెద్దగా బ్రేకులు వెయ్యక్కర్లేదు, పక్కవాణ్ణి దాటక్కర్లేదు. మిచెల్ ఆ ఆకారాన్ని తెచ్చి 4.6 లీటర్ల వీ8 మీద కూర్చోబెట్టాడు. అదీ వంపులు తిరుగుతూ, గుద్దుకున్నంత పని చేస్తూ, బ్రేకు మీద బ్రేకు వేసే రోడ్ రేసుల కోసం. ఆకారం సముద్రం దాటింది, దాని కారణం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇటలీవాళ్ళు కూడా ఆ కారణానికి కట్టుబడి కూర్చోలేదు. ఏడాది తిరక్కుండానే డిస్కో వొలాంటెకి ఆ ఉబ్బు పక్కలు తగ్గించి ఇంకో రూపం చేశారు.

కర్త ఎవరన్నది ఇంకో చిక్కు. 1957 నవంబరులో, ఆ ఫొటోలు చూసి డిజైనర్లు వేసిన బొమ్మల్లో మిచెల్ ఎంచుకున్నది పీట్ బ్రాక్ అనే కుర్రాడిది. అప్పటికి అతనికి అటూ ఇటూగా ఇరవయ్యేళ్ళు. అది తరవాతి కార్వెట్ కోసం వేసిన బొమ్మ. ఆ కారు రద్దయింది, గీత మిగిలింది. దాన్ని రేసర్‌గా తీర్చిదిద్దినవాడు ల్యారీ షినోడా. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మూలాలున్న కుటుంబాల్ని అమెరికా ప్రభుత్వం బంధించిన మంజనార్ శిబిరంలో అతని బాల్యం కొంత గడిచింది. చరిత్రలో మాత్రం ఈ బండి ‘మిచెల్ స్టింగ్‌రే.’ మన కావ్యాలకి కృతికర్త ఒకరు, కృతిభర్త ఒకరు ఉండేవారు. రాసినాయన, అంకితం పుచ్చుకున్నాయన. మిచెల్‌ని వట్టి కృతిభర్త అంటే అన్యాయమే. ఫొటోలు ఎంచిందీ, వద్దన్నవాళ్ళని కాదని డబ్బు పెట్టిందీ ఆయనే. ఏం కావాలో తెలిసినవాడు కూడా సగం కర్తే. కాకపోతే సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ళకి పైగా పనిచేస్తున్నవాడిగా, రెండో సగం పేరు స్లైడ్ల మీద ఎంత తొందరగా మాయమవుతుందో నేను చూస్తూనే ఉన్నాను. అందుకే బ్రాక్, షినోడా పేర్లు ఇక్కడ నొక్కి చెప్తున్నాను.

సరే, ఈ బండి రేసుల్లో ఏం చేసింది? 1959 ఏప్రిల్‌లో మేరీలాండ్‌లోని మార్ల్‌బరోలో మొదటి పందెం. నడిపింది డిక్ థాంప్సన్, వృత్తి పళ్ళ డాక్టరు. నాలుగో స్థానం. 1960లో తన తరగతిలో జాతీయ ఛాంపియన్‌షిప్. బాగానే ఉంది కదా అనొచ్చు. కానీ వేగం పెరిగేకొద్దీ దాని ముక్కు పైకి లేచేది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోయేది.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. పైన వంపు, కింద దాదాపు చదును, ముందు పదునైన అంచు. పక్కనుంచి చూస్తే అది విమానం రెక్క. పైనుంచి వెళ్ళే గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది, ఒళ్ళు పైకి లాగుతుంది. ముక్కు కాస్త లేచిందా, కింద దూరిన గాలి ఇంకాస్త లేపుతుంది. పైగా ఈ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి వంద కిలోమీటర్ల దగ్గర పట్టించుకోనక్కర్లేనిది రెండొందల దగ్గర నాలుగింతలు. ఆ రోజుల్లో అందరి ధ్యాసా ఎదురుగాలిని కోయడం మీదే. పైకి లేవడం గురించి ఆలోచించినవాళ్ళు తక్కువ. కాబట్టి నేను తప్పు పట్టడం లేదు. గమనించమంటున్నది ఒక్కటే. గాలి ‘ఇది నాకు సరిపడదు’ అని స్పష్టంగా చెప్పాక కూడా ఆ గీత మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఒళ్ళు పల్చన చేశారు, బరువు తగ్గించారు, ఎర్రరంగు తీసి వెండిరంగు వేశారు. అంచు అంచులానే ఉంది. ఎందుకంటే అది గాలి కోసం గీసింది కాదు, చూసే మన కోసం గీసింది.

మన ఆలంకారికుల దగ్గర దీనికి పేరుంది, ఉత్ప్రేక్ష. ఉన్నదాన్ని చూసి ఇంకొకటి కాబోలు అని ఊహించడం. స్టింగ్‌రే నిలబడి ఉన్నప్పుడు కూడా ‘గాలి దీన్ని ఇప్పుడే ఇలా కోసి వెళ్ళింది కాబోలు’ అనిపిస్తుంది. ఆ ‘కాబోలు’లోనే దాని శక్తంతా ఉంది. కాడిలాక్ రెక్క కూడా విమానం కాబోలు అనిపించాలనే చూస్తుంది గానీ, దాని పోలిక విడిగా అతికించినట్టు తెలిసిపోతుంది. స్టింగ్‌రేలో పోలికని విడదీయలేం. అంచు తీసేస్తే బండి లేదు. మంచి ఉత్ప్రేక్షకీ చవకబారు ఉత్ప్రేక్షకీ తేడా అదే అనుకుంటాను.

నిజంగా గాలి గీసిన గీత ఎలా ఉంటుందో చూడాలంటే మళ్ళీ పీట్ బ్రాక్ దగ్గరికే వెళ్ళాలి. అతను జనరల్ మోటార్స్ వదిలి కాలిఫోర్నియాలో కెరోల్ షెల్బీ దగ్గర చేరాడు. 1964లో కోబ్రా ఛాసీ మీద డేటోనా కూపే గీశాడు. వెనకభాగం ఎవరో రంపంతో కోసి పారేసినట్టుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త వూనిబాల్డ్ కామ్ సిద్ధాంతం అది. షెల్బీ బృందంలోనే కొందరు ఇది పనిచెయ్యదన్నారు. చూపుకి మొరటు. కానీ స్పా ట్రాక్ మీద వెనకభాగం లేస్తోందని తేలగానే, ఒక రేకుముక్క తెచ్చి తోక అంచున బిగించేశారు. అందం పోతుందా అని ఎవరూ అడగలేదు. గాలి అడిగింది, ఆకారం మారింది. 1965లో ఆ బళ్ళు జీటీ తరగతి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని ఫెరారీ చేతుల్లోంచి లాక్కున్నాయి. ఇది స్వభావోక్తి. స్వభావోక్తి అసలు అలంకారమేనా అని ఆలంకారికులు తగువులాడుకున్నారు కూడా.

రెండూ ఒకే చేతి గీతలు కావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. డేటోనా అంటే గౌరవం. కానీ రాత్రి పని ముగించి ఊరికే ఓ కారు బొమ్మ చూడాలనిపిస్తే నేను తెరిచేది స్టింగ్‌రేదే. మా వృత్తిలో ‘కోడ్ ఎంత అందంగా ఉందో, తప్పుండే వీల్లేదు’ అనే మాట తరచూ వినపడుతుంది. అప్పుడు కూడా నాకు గుర్తొచ్చేది ఇదే బండి, ముక్కు పైకెత్తుకుని.

1963 మోడల్ కార్వెట్ స్టింగ్ రేగా ఈ గీత రోడ్డు మీదికొచ్చింది. రేసర్‌కి కప్పు లేదు. దీనికి కప్పు వచ్చింది, దాని నడిమధ్యన వెన్నెముకలా ఒక గాడి వచ్చింది. ఆ వెన్నెముక తెగకుండా ఉండడానికి మిచెల్ వెనక అద్దాన్ని రెండుగా చీల్చాడు. బానెట్ మీద గాలి దూరే కన్నాల్లా కనపడే రెండు పలకలు పెట్టారు, వాటిలోంచి గాలి దూరదు. ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ ఆ చీలిక అద్దం మీద గట్టిగా తగువేసుకున్నాడు, అద్దంలో వెనక వచ్చే బండి కనపడదు కదా అని. ఆ ఏటికి మిచెల్ గెలిచాడు, 10,594 కూపేలు అలాగే బయటికెళ్ళాయి. 1964కి చీలికా పోయింది, ఉత్తుత్తి కన్నాలూ పోయాయి. అప్పట్లో కొందరు యజమానులు తమ 1963 బండి వెన్నెముక కోయించేసి, కొత్త మోడల్ ఒంటి అద్దం పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆ బళ్ళు చేతికొచ్చినవాళ్ళు బోలెడు ఖర్చు పెట్టి మళ్ళీ చీలిక పెట్టిస్తున్నారు.