కనిపించే గాయం, చంపే గాయం

రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన మనిషిని క్యాజువాలిటీలోకి తేగానే అందరి కళ్లూ విరిగి వంకర తిరిగిన కాలి మీదికో, చీరుకుపోయిన నెత్తి మీదికో పోతాయి. 'ముందు ఆ కాలు సంగతి చూడండి డాక్టరుగారూ' అని బంధువులు బతిమాలతారు. కొత్తగా డ్యూటీలో చేరిన హౌస్ సర్జన్ చెయ్యి కూడా అటే వెళ్తుంది. ఆ చూపును కాసేపు ఆపుకోవడమే మా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పాఠం. ప్రాణం తీసే గాయం చాలాసార్లు కంటికి కనిపించదు.

అందుకే మేమొక వరుస పాటిస్తాం. రక్తం బయటికి చిమ్ముతుంటే ముందు దాన్ని ఆపాలి. తరవాత గొంతులో గాలి దారి, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ. ఆ పైన బట్టలు కత్తిరించి, వీపుతో సహా ఒళ్లంతా చూడాలి. ఏది ముందు చంపుతుందో దాన్నే ముందు చూడాలన్నది ఇందులోని సూత్రం. ఇది వ్యాప్తిలోకి రావడం వెనక ఒక కుటుంబ విషాదం ఉంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న చిన్న విమానం కూలింది. భార్య చనిపోయింది, నలుగురు పిల్లలూ గాయపడ్డారు. దగ్గరి ఊరి ఆస్పత్రిలో పిల్లలకు అందిన వైద్యం చూసి ఆయన తల్లడిల్లిపోయారు. ఆ బాధలోంచే, తోటి డాక్టర్ల సాయంతో, 1978లో ఒక శిక్షణ తరగతి మొదలైంది. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని స్వీకరించింది. నేడు మన దేశంతో సహా ఎన్నో దేశాల డాక్టర్లు ఆ పద్ధతే నేర్చుకుంటున్నారు.

ఒకేసారి ఇద్దరు వస్తే, గట్టిగా అరుస్తున్న మనిషికి గాలి దారి తెరిచే ఉందని ఆ అరుపే చెబుతుంది. పక్క మంచం మీద నోరెత్తకుండా పడుకున్న మనిషి దగ్గరికి నేను ముందు వెళ్తాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో జిగటగా తగులుతుంది. నాడి సన్నగా, పరుగు పెడుతున్నట్టు ఉంటుంది. మానిటర్ మీద బీపీ మాత్రం 110/80. 'బీపీ నార్మలే సార్' అంటారు పక్కనున్నవాళ్లు. ఆ అంకెను నమ్మి కూర్చోకూడదు. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో లీటరు పోయినా రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచి బీపీని నిలబెట్టగలవు. సుమారు లీటరున్నర పోయాక గానీ అంకె పడిపోకపోవచ్చు. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడే పెద్దవారిలో నాడి వేగం కూడా పెరగదు. మానిటర్ కన్నా ముందు అరచెయ్యి చెప్పేది వినాలి.

ఆ రక్తం ఎక్కడికి పోయింది? ఛాతీ, పొట్ట, కటి ఎముకల మధ్య, తొడ: బయటికి చుక్క కారకుండా రక్తం దాక్కునే చోట్లు ఇవే. తొడ ఎముక ఒక్కటి విరిగినా లీటరు దాకా రక్తం కండల్లోకే దిగిపోగలదు. కటి ఎముక విరిగిందని అనుమానం వస్తే దాన్ని కదిపి కదిపి చూడకూడదు, అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. మడత పెట్టిన దుప్పటిని బిగించి కట్టాలి. నడుము చుట్టూ కాదు, తొడల పైన పక్కకు గట్టిగా తగిలే ఎముక గుబ్బల మీదుగా. పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెడితే కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య సన్నటి నల్లగీత కనిపించవచ్చు. ఇలాంటి మనిషిలో అది రక్తమనే అనుకోవాలి.

అప్పుడు సీసాల కొద్దీ సెలైన్ ఎక్కించినా లాభం లేదు. అది ఉన్న రక్తాన్ని పలచన చేస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది. చల్లబడిన ఒంట్లో రక్తం సరిగా గడ్డకట్టదు. కావలసింది రక్తం, సర్జన్, వెచ్చటి దుప్పటి. వీటితోపాటు ట్రనెక్సామిక్ యాసిడ్ అనే చవక ఇంజెక్షన్ ప్రాణాలు నిలుపుతుందని 2010లో క్రాష్-2 అనే అధ్యయనం తేల్చింది. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడినవారి మీద జరిగిన పరిశోధన అది. అయితే దెబ్బ తగిలిన 3 గంటల్లోపే ఇవ్వాలి. అది దాటాక ఇస్తే కీడు కూడా జరగొచ్చు.

ఆ గంటల్లో ఎక్కువ భాగం మా చేతుల్లో కాదు, మీ చేతుల్లో గడుస్తుంది. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఆపద చూసినప్పుడు ముందు 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్ట పెట్టి అరచేత్తో బలంగా అదమండి, ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి. కాఫీ పొడి, పసుపు పెట్టకండి. మంచినీళ్లు తాగించకండి. మెడ వంచి ఆటోలో కుదించి కూర్చోబెట్టకండి. తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి బాగానే మాట్లాడుతున్నాడని ఇంటికి తీసుకుపోకండి. పుర్రె లోపల రక్తం కారుతున్నా కొన్ని గంటలు మామూలుగా ఉండి, తరవాత ఒక్కసారిగా స్పృహ తప్పవచ్చు.

పోలీసు కేసుల భయంతో వెనకాడే రోజులు పోవాలి. సాయం చేసినవారికి రక్షణగా మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఎ సెక్షన్ చేరింది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టడానికి వీల్లేదు. చట్టం చేయవలసింది చేసింది, ఇక చేతులకు పని నేర్పాలి. లైసెన్సు ఇచ్చేముందు ఎనిమిది అంకె ఆకారంలో బండి నడిపించి చూస్తున్నాం. కారే రక్తాన్ని అదిమి ఆపడం కూడా అక్కడే నేర్పి, చేయించి చూసి, ఆ తరవాతే లైసెన్సు చేతిలో పెట్టాలి.