ఏటా అదే బోరు

జిల్లా కేంద్రం పక్కనున్న విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివేవాళ్లకు చివరి సెమిస్టరు దగ్గరపడగానే ఒకటే హడావిడి: ప్రాజెక్టుకు హైదరాబాద్ పోవాలి. అక్కడ ఏదో ఒక ప్రైవేటు ల్యాబు ఫీజు కట్టించుకుంటుంది, ఎవరో చేస్తున్న పనిని కొన్ని వారాలపాటు చూడనిస్తుంది, సర్టిఫికెట్ చేతిలో పెడుతుంది. రిపోర్టుకు గట్టి అట్ట, దానిమీద బంగారు రంగు అక్షరాలు. వైవా అయిపోయిన మర్నాడు అది డిపార్ట్‌మెంటు బీరువాలో చేరుతుంది, ఇక దాన్ని ఎవరూ తెరవరు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. సైన్సు అంటే ఇక్కడ లేనిది, ఎక్కడికో వెళ్లి చూసి రావలసినది అని మనమే వాళ్లకు నేర్పాం. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. చిన్న విశ్వవిద్యాలయంలో సైన్సు విద్యార్థికి దొరికే అసలైన అవకాశం ఆ విశ్వవిద్యాలయం ఉన్న నేలే. ఆ నేలను ఒక బ్యాచి తర్వాత ఒక బ్యాచి, ఏళ్ల తరబడి కొలుస్తూ పోవడమే ఆ విశ్వవిద్యాలయం పని కావాలి.

మన జిల్లా విశ్వవిద్యాలయాలు చాలావరకు 2006, 2008 మధ్య పుట్టినవి. కడపలో యోగి వేమన, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, నల్లగొండలో మహాత్మాగాంధీ, నెల్లూరులో విక్రమ సింహపురి, ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం. ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలో రాజకీయం ఎంతుందో గానీ, దాదాపు ప్రతిదీ ఒక పెద్ద శాస్త్ర ప్రశ్న పక్కనే వచ్చి కూర్చుంది. కడప చుట్టూ వంద కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు, వేంపల్లె సున్నపురాళ్లలో యురేనియం, రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ముగ్గురాయి. నెల్లూరు పక్కన పులికాట్, రొయ్యల చెరువులు. ఎచ్చెర్ల నుంచి ఉత్తరానికి వెళితే ఉద్దానం, కారణం ఇంతవరకూ తేలని కిడ్నీ జబ్బు. నల్లగొండ సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్.

ఫ్లోరైడ్ చరిత్రే చూడండి. మన దేశంలో తాగునీటి ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను పట్టి పీడిస్తోందని వైద్య పత్రికకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. దాన్ని 1970ల్లో రూపొందించింది నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి. నల్లగొండకు సొంత విశ్వవిద్యాలయం వచ్చేసరికి 2007 అయింది. పేరు మనది, నొప్పి మనది, పరిశోధన మాత్రం బయటివాళ్లది. వాళ్లను తప్పుపట్టడానికి కాదు, వాళ్లు మేలే చేశారు. కానీ బయటి సంస్థకు ప్రాజెక్టు గడువు మూడేళ్లో అయిదేళ్లో ఉంటుంది. నిధులు అయిపోతే జీపు వెనక్కి తిరుగుతుంది. ఆ తర్వాత వానలు పడని ఏడు అదే బోరులో ఏమైంది, నల్లా నీళ్లు వచ్చాక జనం వదిలేసిన ఆ బోరు నీటిని పశువులు తాగుతున్నాయా, కూరగాయల మడికి పారుతోందా అని చూసేందుకు ఎవరూ మిగలరు. ఏటా అదే నెలలో అదే బోరుకు వెళ్లగలిగేది ఆ జిల్లాలోనే ఉండే సంస్థ ఒక్కటే.

నీళ్ల పరీక్షలో ఎమ్మెస్సీ స్థాయి సైన్సు ఏముందని పెదవి విరిచేవాళ్లుంటారు. ఒక్కసారి దగ్గర నుంచి చూద్దాం. చేతిపంపును కాసేపు కొట్టి పైపులో నిలిచిన నీళ్లు వదిలేయాలి. ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. బోరు ఎన్ని అడుగులో రైతును అడిగి రాసుకోవాలి. ల్యాబులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటుంది, దాని కొసన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం. ముందు లీటరుకు 1 మిల్లీగ్రాము, 10 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నట్టు తెలిసిన ద్రావణాలలో దాన్ని ముంచితే రెండు రీడింగులకూ మధ్య దాదాపు 59 మిల్లీవోల్టుల తేడా రావాలి. పుస్తకంలో బట్టీపట్టిన నెర్‌న్‌స్ట్ సమీకరణం ఇదే. అయితే ఆ 59 అన్నది 25 డిగ్రీల దగ్గరి లెక్క. ఏప్రిల్‌లో, ఏసీ లేని ల్యాబులో 40 డిగ్రీలుంటే అది 62కు చేరాలి. చేరకపోతే ఎలక్ట్రోడ్ పాతబడిందా, ద్రావణం కలపడంలో పొరపాటా అని వెతుక్కోవాలి. ఇంకో మెలిక ఉంది. పటికతో శుద్ధి చేసిన నీళ్లలో కొంత అల్యూమినియం మిగిలిపోతుంది, అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఎలక్ట్రోడ్‌కు కనబడనివ్వదు. దాన్ని విడిపించే బఫర్ కలపకుండా కొలిస్తే ఫ్లోరైడ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అంటే బఫర్ మరిచిన విద్యార్థి ఒక ఊరికి తప్పుడు భరోసా ఇచ్చేస్తాడు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం చెబుతుంది. అంత ఇరుకు తేడాలో పనిచేయడం నేర్చిన చేతికి ఏ ల్యాబులోనైనా విలువ ఉంటుంది.

స్థానికం అంటే చిన్నచూపు ఇంకొకటి. పెద్ద సైన్సు విశ్వజనీనమైన ప్రశ్నల మీద సాగుతుందని, బోర్లూ చెరువులూ మునిసిపాలిటీ పని అని. దీనికి జవాబు వాల్తేరులోనే దొరుకుతుంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930ల్లో నిజంగా చిన్నదే. అక్కడ రసాయన శాస్త్రం నడిపిన టి.ఆర్.శేషాద్రి చేతికందిన మొక్కలనే పట్టుకున్నారు, పత్తి పూల రంగులు, కానుగ గింజలు. కానుగ నుంచి పొంగమాల్ అనే కొత్త పదార్థాన్ని వేరు చేసింది రంగస్వామి, శేషాద్రిలే. శేషాద్రి 1949లో ఢిల్లీ వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. పునాది మాత్రం ఇక్కడి పూలూ గింజలే. అదే వాల్తేరులో భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం కాంతి పరిక్షేపణం మీద, గ్రూప్ థియరీ మీద పనిచేశారు. వెంకటరాయుడితో కలిసి ఆయన రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని 1948లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. కాబట్టి స్థానిక ప్రశ్న ఒక్కటే దారి అని నేననను. కాగితం, పెన్సిలు చాలినవాళ్లు ఎక్కడున్నా సిద్ధాంతం చేస్తారు. ప్రయోగం చేయదలచినవాళ్లకు, చేతిలో డబ్బు తక్కువున్న చోట, పక్కనున్న పదార్థమే గొప్ప పెట్టుబడి అంటున్నాను.

ఇక బరువైన అభ్యంతరం ఉద్యోగాలది. పిల్లలకు కావలసింది నెట్, గేట్, ఫార్మా కంపెనీలో కొలువు. ఊరి నీళ్లు కొలుస్తూ కూర్చుంటే కోచింగుకు ఎవరు వెళ్తారు? ఈ ఆందోళన న్యాయమైనదే. కుటుంబం అప్పుచేసి చదివిస్తున్న అమ్మాయికి నెట్‌లో గెలిస్తే వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కింద నెలకు 37,000 రూపాయలంటే ఇంటి తలరాత మారడమే. పరీక్షకు చదవొద్దని ఎవరూ చెప్పకూడదు. కానీ పరీక్ష తలుపు దాకానే తీసుకెళ్తుంది. జేఆర్‌ఎఫ్ వచ్చాక పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు ఏమిటి అని అడుగుతారు. అక్కడ హైదరాబాద్ ల్యాబు సర్టిఫికెట్ రెండో ప్రశ్నకు నోరు మెదపదు. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టడానికి ఏ కాలేజీ అన్నది అడ్డు కాదు. కానీ ఏం చేయాలనుకుంటున్నావో సొంతంగా రాయమంటారు, మాస్టారి సిఫారసు ఉత్తరం అడుగుతారు. యాభై బోర్లు కొలిచినవాడికి రాయడానికి విషయం ఉంటుంది, అతన్ని పనిలో చూసిన మాస్టారికి రాయడానికి నిజం ఉంటుంది. ఇన్‌స్పైర్ ఫెలోషిప్ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అది విశ్వవిద్యాలయ స్థాయిలో పీజీ మొదటి ర్యాంకు వచ్చినవాళ్లకు పీహెచ్‌డీ కోసం ఇచ్చేది. ఆ అర్హత దగ్గర నల్లగొండ మొదటి ర్యాంకూ ఢిల్లీ మొదటి ర్యాంకూ ఒకటే.

పరికరాలు లేవు, మాస్టార్లు లేరు అన్నది మాత్రం సాకు కాదు, నిజం. మంజూరైన పోస్టులు ఏళ్లుగా ఖాళీ. కాంట్రాక్టు మాస్టారు వచ్చే ఏడాది ఉంటారో ఉండరో ఆయనకే తెలియదు. ఏటా అదే బోరు కొలవాలంటే కొలిపించేవాళ్లు ఏటా ఉండాలి కదా. ఈ లోటును ఏ పథకమూ పూడ్చదు, నియామకాలే పూడ్చాలి. పరికరాల విషయంలో అంత నిస్సహాయత అక్కర్లేదు. ఖరీదైన యంత్రాలను దేశమంతా పంచుకునేందుకు కేంద్రం ఐ-స్టెమ్ అనే పోర్టల్ నడుపుతోంది. చందాలు కట్టలేక దూరమైన జర్నళ్లు 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అందుతున్నాయి. లాగిన్ పెట్టుకుని చదివే అలవాటు పెట్టడానికి మాత్రం జీవో రాదు.

విద్యార్థుల అంకెలను నమ్మవచ్చా అని అడుగుతారు. ఒక్కడి అంకెను నమ్మనక్కర్లేదు. ప్రతి పదో నమూనాను ఇంకొకరు తిరిగి కొలవాలి, మధ్యమధ్య తెలిసిన ద్రావణాన్ని పేరు చెప్పకుండా కలపాలి, తేడా వస్తే ఆ రోజు పనంతా పక్కన పెట్టాలి. అంకెలు బయటికి పొక్కి ఊళ్లో భయం పుడుతుందన్న మాటలో కొంత నిజముంది, ముఖ్యంగా ఉద్దానం లాంటి చోట. అందుకే నీళ్లలో ఏముందో చెప్పేదాకే విద్యార్థి హక్కు. జబ్బుకు కారణం చెప్పడం అతని పని కాదు. ఈ గీత గౌరవించడం కూడా సైన్సు శిక్షణలో భాగమే.

ఇలాంటి పనికి అయ్యే ఖర్చులో మొదటి పద్దు ఒక రిజిస్టరు. బోరు నంబరు, ఊరు, లోతు, తేదీ, రీడింగు, కొలిచినవాళ్ల పేరు. బ్యాచి వెళ్లిపోయినా రిజిస్టరు డిపార్ట్‌మెంటులోనే ఉండాలి, తర్వాతి బ్యాచి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఈ ఏడాది ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లు హైదరాబాద్ ల్యాబుకు ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి బోరు నీళ్లు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకొచ్చి, దీన్ని కొలుద్దామా సార్ అని మీ గైడ్‌ను అడగండి.