గోధుమరంగు ఎంతవరకు సాక్ష్యం?

గేదె ఈనాక 12 గంటల్లోపు మాయ పడాలి. పడలేదంటే అమలాపురం చుట్టుపక్కల పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా కంగారే. "మాయింకా పడలేదండి" అంటూ పశువుల ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చే రైతుల్ని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. మాయకూ గర్భసంచికీ మధ్య అతుకును గట్టిగా ఉంచేవాటిలో కొల్లాజెన్ ఒకటి. ఈనే వేళకు అది కరగాలి.

అంత తేలిగ్గా కరిగేది కాదది. మూడు పోగులు పేనిన తాడులాంటి దాని నిర్మాణాన్ని 1954-55లో మద్రాసులో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. దాన్ని తెంపే ఎంజైము జంతువుల్లో దొరకడానికి 1962 దాకా పట్టింది. జెరోమ్ గ్రాస్, లాపియేర్ దాన్ని తోకకప్ప తోకలో పట్టుకున్నారు. వానాకాలం మన వరిచేలల్లో కప్పపిల్లల తోకలు కరగడం వెనకా ఈ కొల్లజినేజ్ ఉంది.

అది కణజాలంలో ఎక్కడుందో చూడ్డానికి యాంటీబాడీలు వాడతాం. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోసిన ముక్కను నాలుగైదు మైక్రాన్ల పొరలుగా కోస్తాం. స్లైడు మీద ముందు ఒక యాంటీబాడీ, తర్వాత దాన్ని పట్టుకునే రెండోది, ఆపైన రంగు రసాయనం. ఎంజైము ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఏ కణంలో, ఏ పొర అంచున అన్నది కళ్లకు కనబడుతుంది. ముక్కను నూరి కొలిస్తే ఇది తెలియదు.

కానీ ఆ రంగు చూసి "ఎంజైము పనిచేస్తోంది" అని రాసేస్తే నేనొప్పుకోను. కణాలు దాన్ని చురుకులేని రూపంలో వదులుతాయి. కొంత భాగం తెగిపోయాకే చురుకొస్తుంది. అప్పుడైనా టింప్ అనే నిరోధకాలు పట్టుకుంటే ఆగిపోతుంది. చాలా యాంటీబాడీలు ఈ తేడా చెప్పలేవు. కొల్లాజెన్ తెగితేనే బయటపడే కొసను గుర్తించే యాంటీబాడీలు వేరే ఉన్నాయి. అవి ఎంజైము చేసిన పనినే చూపిస్తాయి. నా ఓటు వాటికే. మనిషి ప్రొటీనుకు తయారైన యాంటీబాడీ గేదె ప్రొటీనుకు అంటుతుందో లేదో కూడా ముందే పరీక్షించాలి. మొదటి యాంటీబాడీ వెయ్యని స్లైడు పక్కన లేకపోతే ఆ ఫొటోను నమ్మను.

స్లైడు మాట అలా ఉంచితే, అమెరికాలోని టెనెసీలో 1990లలో ఐలర్, హాప్‌కిన్స్ బొడ్డుతాడు రక్తనాళాల్లోకి కొల్లజినేజ్ ఎక్కించి, ఆవుల్లో నిలిచిపోయిన మాయను పడేలా చేశారు. అతుకు కరగడమే అసలు సంగతన్న మాటకు అది బలమిచ్చింది.

అందుకే రైతులకు ఒక్క మాట. మాయ పడలేదంటే సాధారణంగా అతుకు ఇంకా వీడలేదనే. బలవంతం చేస్తే గర్భసంచి గాయపడుతుంది. చేత్తో లాగకండి, బరువులు కట్టకండి, పశువైద్యుణ్ణి పిలవండి.