ఊంజల్ మండపం కప్పు మీద రెండు లిపులు

మదురై మీనాక్షి గుడిలో, పొట్రామరై కొలను పడమటి గట్టున ఊంజల్ మండపం ఉంది. శుక్రవారం సాయంత్రాలు అమ్మవారికీ సుందరేశ్వరునికీ అక్కడ ఊయల సేవ. జనమంతా ఊయల వైపే చూస్తారు. తలెత్తితే, కప్పు మీద మూడు వందల ఏళ్ళుగా ఒక పెళ్ళి జరుగుతూనే ఉంది.

ఎర్రని పూత, దాని మీద నల్లని గీత. విష్ణువు చెల్లెలు మీనాక్షి చేతిని వరుడు సుందరేశ్వరుని చేతికి అందిస్తున్నాడు. దేవతల పెళ్ళిళ్ళు మన గుడి గోడల మీద ఎన్ని లేవు! కానీ ఇక్కడ పెళ్ళివారితో పాటు మదురైని ఏలిన రాణి మంగమ్మ ఉంది, ఆమె మనుమడు విజయరంగ చొక్కనాథుడు ఉన్నాడు. బొమ్మల పక్కన పేర్లు తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసి ఉన్నాయి.

విశ్వనాథ నాయకుడు విజయనగరం తరఫున వచ్చి మదురైలో పాలన నెలకొల్పింది 1529లో. మంగమ్మ నాటికి నూటయాభై ఏళ్ళు దాటాయి. ఆ తరాల నాయకులు పుట్టిందీ పోయిందీ ఈ నేల మీదే, కొలిచిందీ ఈ అమ్మనే. అయినా తెలుగు అక్షరం చెయ్యి వదల్లేదు. కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప 1689లో మశూచితో పోతే, పసివాడైన మనుమడికి పట్టం కట్టి రాజ్యం మోసింది మంగమ్మ. ఆ కడుపుకోత తెలిసి చూస్తే ఈ నాయనమ్మా మనుమలు మామూలు రాచబొమ్మలుగా కనిపించరు. కొడుకు చావు చూసిన మనిషి అమ్మవారి పెళ్ళికి నిలబడింది. ఆ నిలబడటంలో ఉన్న కరుణ, పక్కనే ఉన్న కల్యాణ శోభను చెరపదు, ఇంకా నిగ్గు తేలుస్తుంది. చిత్రించినవాడు ఏడుపు గియ్యలేదు. తన పేరూ రాసుకోలేదు.

నాకు ఈ చిత్రంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది లేని వస్తువు. విడిచి వచ్చిన ఊరు ఇందులో లేదు. తుంగభద్ర లేదు, ఆ గుట్టలు లేవు. పోగొట్టుకున్నదాన్ని బొమ్మ కట్టి చూసుకోవడం వలస చిత్రకళలో తరచు కనిపించే దారి. మదురై చిత్రకారుడు ఆ దారి పట్టలేదు. తనవాళ్ళను కొత్త దేవత పెళ్ళిలో నిలబెట్టి, పక్కన పాత లిపిలో పేరు పెట్టాడు. జ్ఞాపకమంతా ఆ నాలుగు అక్షరాల్లోకి వచ్చి చేరింది.

గుడికి తూర్పున తిరుమల నాయకుడు కట్టించిన పుదు మండపంలోనూ ఇదే భావం, రాతిలో. విశ్వనాథుని నుంచి తిరుమలుని దాకా పదిమంది నాయకులు నిలువెత్తున చేతులు జోడించి నిలబడ్డారు. బొజ్జతో, పక్కన రాణులతో ఉన్న తిరుమలుణ్ణి చూడగానే గుర్తుపట్టవచ్చు. ఏలినవాళ్ళు కదా, అయినా అమ్మ వచ్చి కూర్చునే చోట వాళ్ళంతా భక్తుల వరుసలోనే ఉన్నారు.

కదలిక కావాలంటే గుడిలోని వెయ్యికాళ్ళ మండపానికి పోవాలి. అక్కడ ఒక స్తంభాన్ని ఆనుకుని కురత్తి ఉంది, మన ఎరుకలసాని. ఒంటిని అంటుకుని బిడ్డ, చేతిలో బుట్ట. నడుము ఒక పక్కకు ఒరిగింది, బరువంతా ఒక కాలి మీద. బిడ్డ బరువు తెలిసిన చెయ్యి చెక్కిన నడుము అది. ఎంతసేపు చూసినా ఆమె ఆగిందో బయల్దేరిందో తేలదు. కురవంజి నాటకాల్లో ఈమె వీధిలోకి వచ్చి ముందు తన కొండ వైభవం పాడుతుంది, ఆ తరవాతే సోది చెబుతుంది. కుర్రాల కురవంజి రాసిన తిరికూట రాసప్ప కవిరాయర్‌కు మాన్యం ఇచ్చింది కప్పు మీది ఆ విజయరంగ చొక్కనాథుడే అని చెబుతారు. శ్రీరంగ మాహాత్మ్యాన్ని తెలుగు వచనంలో రాసుకున్న రాజు, తమిళ కురత్తి తన కొండను తలుచుకుని పాడే పాటకు భూమి ఇవ్వడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది.

కోయంబత్తూరు వైపు ఊళ్ళ నుంచి తెలుగు కుటుంబాలు ఈ గుడికి వస్తూనే ఉంటాయి. ఊయల దగ్గర ఒక అవ్వ మనవడికి కప్పు చూపించి, "పైన సూడు నాయనా, రాణమ్మ" అంది. పిల్లవాడు తమిళ వరుస గడగడా చదివేశాడు. "ఆ పక్కది ఏంది అవ్వా?" అని అడిగితే, "అది మన రాతంట" అంది. ఆమెకూ అది చదవడం రాదు. అక్కడి తెలుగు ఇళ్ళలో చాలావాటికి మాట మిగిలింది, బడి తమిళ అక్షరం ఇచ్చింది. తెలుగువాళ్ళ దక్షిణపు వలసను 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాసిన కి. రాజనారాయణన్ కూడా, ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే, తమిళంలో రాశారు. చిత్రకారుడు రెండు లిపుల్లోనూ పేర్లు రాయడం ఎంత దూరదృష్టో ఆ పిల్లవాణ్ణి చూస్తే తెలిసింది. రాణమ్మ ఎవరో వాడికి తమిళ వరుస చెప్పింది, ఆమె తనకేమవుతుందో తెలుగు వరుస చెప్పింది.

మన వైపు నుంచి వెళ్ళే యాత్రికులు దర్శనం చేసుకుని, 1636 నాటి నాయకర్ మహల్ స్తంభాలు చూసి తిరుగు బండి ఎక్కేస్తారు. ఆ స్తంభాలు ఘనమైనవే. నా మటుకు కురత్తి ఒరిగిన నడుము వాటికన్నా పైమెట్టు. గుడిలోకి ఫోన్లు రానివ్వరు గనక ఆమెను కళ్ళతోనే చూడాలి. ఊంజల్ మండపంలో మెడ నొప్పి పుట్టినా సరే, తలెత్తి ఆ తెలుగు వరుసను వెతికి, పైకి చదవండి. పక్కన ఏ కోయంబత్తూరు అవ్వ అయినా ఉంటే వింటుంది.