మేడమెట్లు: పద్మా వెంకటరామన్ చారిత్రక నవల

పరదేశంలో స్థిరపడిన రచయిత స్వదేశచరిత్రను కథగా మలచినప్పుడు సహజంగా ఒక సందేహం కలుగుతుంది. దూరం వల్ల ఆ దృశ్యం స్పష్టపడినదా, లేక మమకారం దానికి లేని మెరుగు పెట్టినదా?

పద్మా వెంకటరామన్ మద్రాసులో జన్మించి, అమెరికాలో సముద్రశాస్త్రంలో డాక్టరేటు పొంది, శాస్త్రజ్ఞురాలుగా పనిచేసింది. 2008లో వెలువడిన ఆమె ప్రథమ నవల 'క్లైంబింగ్ ది స్టెయర్స్' కథ 1941లో మొదలవుతుంది. బొంబాయిలో వైద్యుడైన తండ్రి ఒక నిరసన ప్రదర్శనలో పోలీసుల దెబ్బలకు మేధాశక్తిని కోల్పోతాడు. పదిహేనేళ్ళ విద్య కుటుంబంతో మద్రాసులోని తాతగారి ఉమ్మడి ఇంటికి చేరుతుంది. అక్కడ మేడ పురుషులది, క్రింది భాగం స్త్రీలది. గ్రంథాలయమో, మేడమీద ఉన్నది! దేశం స్వాతంత్ర్యం కోరుతున్న రోజులలో ఒక ఆడపిల్ల పుస్తకం కోసం మెట్లెక్కటానికి పెద్దల అనుమతి అడగవలసి వచ్చింది. ఒక్క మెట్లవరుసలో రెండు దాస్యాలను చూపటం రచయిత్రి ప్రతిభ.

అయితే నవలకు ప్రాణం అన్న కిట్టా పాత్ర. తండ్రి అహింసావాది, కొడుకు బ్రిటిషు సైన్యంలో చేరుతాడు. చెల్లెలికి అది ద్రోహంగా తోస్తుంది.

ఈ ఘట్టాన్ని నేను అండమానులో, ఫీనిక్స్ బే రేవు సమీపాన చదివాను. 1942 మార్చిలో జపాను సేనలు ఈ దీవులను ఆక్రమించాయి. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ ఇక్కడ జాతీయపతాకం ఎగురవేశారు. సరిగా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్ వద్ద జపానువారు 44 మంది భారతీయులను కాల్చిచంపారు. సెల్యులార్ జైలును మోసిన నేలే ఈ నెత్తురునూ మోసింది. కనుక కిట్టా నిర్ణయాన్ని ద్రోహమని కొట్టివేయలేము. తండ్రి త్యాగాన్ని వ్యర్థమనీ అనలేము.

లోపం లేకపోలేదు. రామన్ వంటి ఉదారుడు ఎదురుపడటంతో విద్య చిక్కు కొంత సులభంగానే విడిపోతుంది. అంతటి అదృష్టం లేని ఆడపిల్లల మాట ఏమిటి?

2011లో ఆమె అండమాను గిరిజన బాలిక కథగా 'ఐలాండ్స్ ఎండ్' వ్రాసింది. అయినా ఈ దీవులకు మరింత దగ్గరైనది మద్రాసు నవలే అని నాకు తోస్తుంది. ఇక్కడ చరిత్ర అడిగిన ప్రశ్నే ఆ ఇంటి అన్నాచెల్లెళ్ళ మధ్య నిలిచి ఉన్నది. దూరం రచయిత్రి చూపును మసకబార్చలేదు.